బిడ్డల మనోవర్తి

భార్యాభర్తల నడిమి బంధమును న్యాయస్థానము త్రెంపగలదు. తండ్రికిని బిడ్డకును గల బంధమును ఏ న్యాయస్థానమును త్రెంపజాలదు. ఈ మాట నెవ్వరును కాదనరు. అయినను విడాకుల తీర్పు వెలువడిన మఱునాటినుండి ఆచరణలో జరుగుచున్న దేమి? బిడ్డకు చేరవలసిన సొమ్ము కొన్ని యిండ్లకు చేరనే చేరదు; కొన్ని యిండ్లకు ఆలస్యముగా, అరకొరగా చేరును. మఱియొకవైపున, ఇయ్యదలచిన తండ్రియే యేండ్లతరబడి సాగిన వ్యాజ్యము ముగియునప్పటికి తాను తీర్పజాలని బాకీలో కూరుకొనిపోవుచున్నాడు. ఎగవేయ నెంచినవాడు తప్పించుకొనుటయు, ఇయ్య నెంచినవాడు చితికిపోవుటయు ఒకే శాసనము నీడలో జరుగుచున్నచో, లోపము శాసనోద్దేశమున గాక దాని నమలుజరుపు విధమున నున్నదని గ్రహింపవలెను. భూవసతి గలవారును, పట్టణములందు ఉద్యోగ వ్యాపారములలో నున్నవారును దీనిని పరుల యింటి గొడవగా నెంచి త్రోసిపుచ్చరాదని మా మనవి.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. మనోవర్తి తండ్రి నిజమైన రాబడికి తగిన కొలతలో నిర్ణయింపబడవలెను. రాబడి మాఱినప్పుడు ఆ కొలతయు ఆలస్యము లేక మార్పబడవలెను. అట్లు నిర్ణయమైన సొమ్ము మాత్రము ఒక్క నెలయు తప్పక బిడ్డకు చేరవలెను. ఈ మూడును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. కొలత తప్పినచో వసూలు హింస యగును. వసూలు తప్పినచో కొలత వట్టి కాగితముగా మిగులును. తండ్రుల పక్షమున వాదించువారు కొలతనుగూర్చియే పలుకుదురు. తల్లుల పక్షమున వాదించువారు వసూలునుగూర్చియే పలుకుదురు. బిడ్డ పక్షమున వాదింపదలచినవారు రెంటినిగూర్చియు పలుకవలసియుండును.

మన దేశమున ఈ శాసనము క్రొత్తది కాదు. శక్తి కలిగియుండియు భార్యను గాని బిడ్డను గాని పోషింపనివానిని నెలనెలా కొంత సొమ్ము చెల్లింపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపించుటకు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 488వ సెక్షను అధికార మిచ్చినది. ఆనాడు హిందువులలో విడాకుల ప్రసక్తి సామాన్యముగా లేదు. ఆంధ్రజిల్లాలు చేరియుండిన చెన్నరాష్ట్రమున 1949లో చేసిన శాసనముచేతను, పిదప 1955 నాటి హిందూ వివాహ శాసనముచేతను ఆ హక్కు కలిగినది. దానితోడనే, విడిపోయిన దంపతుల బిడ్డల పోషణ యెట్లను ప్రశ్నయు పెరిగినది. 1973 నాటి కోడులో వెనుకటి 488వ సెక్షను 125వ సెక్షనయ్యెను; 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనయ్యెను. సంఖ్యలు మాఱినవి, సారము మాఱలేదు.

ఈ సెక్షను మతభేదమును పాటింపదు. బిడ్డ చట్టబద్ధమైన వివాహమున పుట్టినదా, కాదా యను భేదమును గూడ పాటింపదు. ముస్లిం స్త్రీలనుగూర్చి 1986లో ప్రత్యేకశాసనము వచ్చిన పిదపగూడ ముస్లిం తండ్రి తన మైనరు బిడ్డలను పోషింపవలసిన బాధ్యత 125వ సెక్షను క్రింద చెక్కుచెదరలేదని సుప్రీముకోర్టువారు 1997లో తీర్పు చెప్పిరి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీయు ఈ సెక్షను నాశ్రయింపవచ్చునని 2024 జూలై 10వ తేదీని వెలువడిన తీర్పు తెలంగాణమునుండి పోయిన వ్యాజ్యములోనిదే. హిందువుల విషయమున 1956 నాటి దత్తత మనోవర్తి శాసనములోని 20వ సెక్షను బిడ్డల పోషణభారమును తల్లిదండ్రు లిద్దఱిపైనను ఉంచినది. తల్లియు సంపాదించుచున్నచో ఆమెయు తన రాబడికి తగినంత భరింపవలెనని సుప్రీముకోర్టువారు 2000లో చెప్పియున్నారు. కావున ఈ శాసనము పురుషులపై పగబట్టి చేసినదను మాట నిలువదు. తల్లి ఉద్యోగము చేయుచున్నది గనుక తండ్రి ఋణము తీఱిపోయినదను వాదమును నిలువదు.

కొలత చెడినచో నేమగునో వెనుకటి చరిత్రయే చెప్పుచున్నది. 488వ సెక్షను క్రింద నెలకు విధింపదగిన గరిష్ఠమొత్తము 1955లో 500 రూపాయలుగా నిర్ణయింపబడినది. 1973లో కోడును తిరుగవ్రాసినప్పుడును కేంద్రశాసనమున ఆ 500 రూపాయలే నిలిచినవి. కొన్ని రాష్ట్రములు తమ సవరణలచే దానిని పెంచుకొన్నమాట నిజమే. కాని పార్లమెంటు ఆ పరిమితిని తొలగించినది 2001లో. అనగా నలువదియాఱేండ్లు బియ్యము ధర పెరిగినది, పాల ధర పెరిగినది, బడిజీతము పెరిగినది. బిడ్డకు రావలసిన సొమ్ముపై శాసనము వేసిన మూత మాత్రము పెరుగలేదు. అది బిడ్డలకు జరిగిన యన్యాయము. మూత తీసివేసిన పిదప చిక్కు మఱియొక రూపమును దాల్చినది. గరిష్ఠమును లేదు, నిర్ణీతమైన లెక్కయు లేదు. సర్వమును న్యాయాధిపతి వివేచనపై నాధారపడినది. ఒకే రాబడి గల యిద్దఱు తండ్రులకు రెండు కోర్టులలో రెండు విధములైన యుత్తరువులు రావచ్చును. తనపై పడబోవు భారమెంతో తెలియని తండ్రి దేనికిని సిద్ధపడలేడు. తనకు రాబోవు సొమ్మెంతో తెలియని తల్లి బిడ్డను ఏ బడిలో చేర్పవలెనో నిశ్చయించుకొనలేదు.

ఈ యనిశ్చితిని తగ్గించుటకై 2020 నవంబరు 4వ తేదీని న్యాయమూర్తులు ఇందూ మల్హోత్రా, సుభాష్ రెడ్డిగార్లు సుప్రీముకోర్టున ఒక ముఖ్యమైన తీర్పు చెప్పిరి. మనోవర్తి కోరువారును, ఇయ్యవలసినవారును తమ ఆస్తి, అప్పు, రాబడి, వ్యయముల నన్నిటిని అఫిడవిట్టు రూపమున కోర్టు ముందుంచవలెను. పట్టణవాసుల కొక నమూనాయు, వ్యవసాయదారుల కొక నమూనాయు వేఱువేఱుగా ఆ తీర్పునకు జతపఱుపబడినవి. ఎదుటిపక్షమువారు నాలుగు వారములలో బదులు దాఖలు చేయవలెను. అందులకు రెండు వాయిదాలకు మించి ఇయ్యరాదు. అఫిడవిట్టులు దాఖలైన నాలుగు నుండి ఆఱు నెలలలోపుగా తాత్కాలిక మనోవర్తిని తేల్చుటకు కోర్టులు యత్నింపవలెను. ఈ నిబంధనలు ఉభయపక్షములకును మేలు చేయునవి. కాని దిగువకోర్టులు పెక్కుచోట్ల వీనిని పాటింపకయే యుత్తరువు లిచ్చుచున్నవని సుప్రీముకోర్టువారే 2023 నవంబరులో మరల హెచ్చరింపవలసివచ్చినది. మంచి తీర్పు పుస్తకములందుండి కోర్టుహాలులోనికి రాకున్న లాభమేమి?

ఇచ్చట భూస్వాములైన మా చదువరులతో ఒక మాట చెప్పక తప్పదు. వ్యవసాయాదాయముపై కేంద్రప్రభుత్వమువారి యాదాయపుపన్ను లేదు. కావున ఆ రాబడిని చూపు పన్నులెక్క యుండదు. వ్యాజ్యము రాబోవుచున్నదని తెలిసినతోడనే మాగాణిని తమ్ముని పేరనో తల్లి పేరనో దానముగా వ్రాయుట, కౌలును నోటిమాటమీద సాగించుట, ధాన్యపు సొమ్మును మఱియొకరి ఖాతాలో జమకట్టించుట – ఈ యుపాయములు మన గ్రామములు ఎఱుగనివి కావు. కాని ఇవి తలచినంత భద్రమైనవియు కావు. ఒక యాస్తి రాబడినుండి మనోవర్తి పొందు హక్కు మఱియొకరికి గలదని తెలిసి దానిని పుచ్చుకొన్నవానిపైనను, ఉచితముగా పుచ్చుకొన్నవానిపైనను ఆ హక్కును నడిపించుటకు 1882 నాటి ఆస్తి బదలాయింపు శాసనములోని 39వ సెక్షను వీలు కల్పించుచున్నది. అడంగలు, పహాణీ, పట్టాదారు పాసుపుస్తకము, రిజిస్ట్రేషను కచ్చేరి దస్తావేజులు, మార్కెటుయార్డు రసీదులు – ఇన్ని సాక్ష్యములుండగా నిజము దాచి పట్టుబడిన తండ్రిని న్యాయాధిపతి మఱి దేనియందును నమ్మడు. పంట పోయినమాట నిజమైనను నమ్మడు. రాబడిని ఉన్నదున్నట్లు చెప్పుట ధర్మమే కాదు, తండ్రికి రక్షణయు నదియే.

ఈ దాపరికమువలన నష్టపడువాడు బిడ్డ యొక్కడే కాడు. నెలజీతగాడును నష్టపడుచున్నాడు. అతని రాబడి కాగితముమీద రూపాయి అణాలతో సహా కనబడును. తప్పించుకొను దారి లేదు. సామాన్యమైన అప్పుకంటె మనోవర్తి డిక్రీ అతని జీతమును మిక్కుటముగా పట్టును. సివిల్ ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను ప్రకారము మనోవర్తి డిక్రీ అమలునందు జీతములో మూడవవంతు మాత్రమే జప్తునుండి మినహాయింపబడును. అనగా నెలకు 30,000 రూపాయలు జీతముగలవానికి 10,000 మిగిల్చి తక్కిన 20,000 వఱకు పట్టుకొనుటకు శాసనమున వీలున్నది. భార్య మనోవర్తి విషయమున భర్త నికరజీతములో నాలుగవవంతు న్యాయమైన మొత్తమని 2017లో సుప్రీముకోర్టువారు పేర్కొనియుండిరి. కాని అది అన్ని వ్యాజ్యములకును వర్తించు సూత్రము కాదు. ఇంటద్దె, ముసలి తల్లిదండ్రుల పోషణ, పాత యప్పుల కిస్తులు గల చిన్నయుద్యోగి ఇట్టి స్థితిలో బెదరుట సహజమే. అతని భయమును వేళాకోళము చేయుట తగదు. భయమునకు మందు ఎగవేత కాదు. సత్వరమైన, సరియైన నిర్ణయము.

తండ్రుల కెదురగు ఆపదలలో పెద్దది వెనుకటి బాకీ. మనోవర్తి, దరఖాస్తు పెట్టిన తేదీనుండియే చెల్లవలెనని 2020 నాటి తీర్పు స్పష్టపఱచినది. ఇది న్యాయమే, వ్యాజ్యము సాగినన్నాళ్లు బిడ్డ ఉపవాసముండజాలదు గదా. కాని లెక్క చూడుడు. నెలకు 8,000 రూపాయల చొప్పున ఇయ్యవలెనని నలువది నెలల పిమ్మట తేలినదనుకొందము. అంతవఱకు ఏమియు చెల్లింపని తండ్రి ఆనాడు ఒక్కమాఱుగా 3,20,000 రూపాయలు బాకీపడును. నెలకు 8,000 సర్దుకొనగల గృహస్థు ఒక్కనాడు మూడులక్షల యిరువదివేలు తేలేడు. పొలము తాకట్టుపెట్టును, వడ్డీకి తెచ్చును, లేదా చెఱసాలకు పోవును. ఈ ప్రమాదమును తెచ్చిపెట్టునది వ్యాజ్యపు సాగుడు. వాయిదాలమీద వాయిదాలు కోరి కాలము గడపుట తెలివియని తలచు ప్రతివాదులును, అట్లు సలహా చెప్పు వకీళ్లును ఈ లెక్కను గోడమీద వ్రాసికొనవలెను. వాయిదా వడ్డీలేని అప్పు కాదు. అది నెలనెలా పెరుగు గుదిబండ. నోటీసు చేరిన దినమునుండియే తన శక్తికి తగినంత సొమ్ము బ్యాంకుద్వారా పంపుచు, రసీదులు భద్రపఱచుకొన్న తండ్రి బిడ్డనును కాపాడును, తన్నును కాపాడుకొనును. చేతికిచ్చిన రొక్కమునకు సాక్ష్యముండదు. పండుగకు కొన్న బట్టలు నెలభత్యములో జమపడవు.

రెండవ ఆపద వ్యాజ్యముల సంఖ్య. మనోవర్తి కోరుటకు నాగరిక సురక్షా సంహిత యొక దారి, హిందూ వివాహ శాసనము మఱియొక దారి, 1956 నాటి శాసనము వేఱొక దారి, 2005 నాటి గృహహింస నిరోధక శాసనము ఇంకొక దారి. ఒక కోర్టు విధించినదానిని మఱియొక కోర్టు ఎఱుగక మరల విధించినచో తండ్రి రెండు తిరుగళ్ల నడుమ నలుగును. వెనుకటి వ్యాజ్యములను, ఉత్తరువులను విధిగా తెలుపవలెననియు, ఒకచోట ఇచ్చుచున్నది మఱియొకచోట లెక్కకు రావలెననియు సుప్రీముకోర్టువారు ఆజ్ఞాపించిరి. కావున వెనుకటి యుత్తరువును కోర్టు దృష్టికి తెచ్చు పూచీ తండ్రి తనపై వేసికొనవలెను. ఊరకుండి పిదప రెండుమాఱులు కట్టితినని వగచిన ఫలములేదు.

మూడవది, కాలము మాఱుట. వానలు తప్పినవి, ఉద్యోగము పోయినది, రోగము వచ్చినది. నిన్నటి రాబడిపై వేసిన యుత్తరువు నేడు మోయరాని బరువైనది. పరిస్థితులు మాఱినచో మొత్తమును తగ్గించుటకు గాని పెంచుటకు గాని సంహితలోని 146వ సెక్షను వీలిచ్చుచున్నది. అయితే ఆ మార్పు తనంతట తాను రాదు. దరఖాస్తు పెట్టి ఉత్తరువు పొందువఱకు పాతమొత్తమే నెలనెలా బాకీపడుచుండును. పెక్కుమంది తండ్రులు ఈ సంగతి తెలియక, కష్టము వచ్చినప్పుడు చెల్లింపు మాని మౌనముగా నుందురు. వారంటు వచ్చినప్పుడుగాని కదలరు. మఱికొందఱు మనోవర్తి తప్పించుకొనుటకే ఉద్యోగము మానుదురు. అది వ్యర్థము. దేహదారుఢ్యము గలవాడు కూలిపని చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలసినవాడేయని 2022లో సుప్రీముకోర్టువారు చెప్పియున్నారు. నిజముగా కష్టపడినవాడు కష్టము కలిగిన నెలలోనే కోర్టునకు చెప్పుకొనవలెను. చెప్పుకొన్నవాని మొఱను కోర్టులును నెలలతరబడి మూలపడవేయరాదు.

ఇక వసూలు సంగతి. సొమ్ము చెల్లింపనివానిపై మేజిస్ట్రేటు వారంటు జారీచేసి జరిమానావలె వసూలు చేయవచ్చును. అప్పటికిని చెల్లింపనిచో ఒక నెలవఱకు చెఱసాలకు పంపవచ్చును. కాని చెఱకు పోయివచ్చినంతమాత్రమున బాకీ తీఱదు. చెఱసాల వసూలునకు సాధనమేగాని సొమ్మునకు బదులు కాదని 1989లోనే సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. ఆలోచించి చూచిన, చెఱసాలలో నున్న తండ్రి సంపాదింపడు. బిడ్డకు రూపాయి రాదు. బాకీ అట్లే నిలుచును. మొండివానికి బుద్ధిచెప్పుటకు ఆ సాధన ముండవలసినదే. ఎప్పటికప్పుడు అదియే మొదటి సాధనమగుట మాత్రము వివేకము కాదు. తల్లికిని చిక్కులు తక్కువ కావు. బాకీపడిన సంవత్సరములోపల దరఖాస్తు పెట్టనిచో ఆ సెక్షను క్రింద వారంటు పుట్టదు. పసిబిడ్డను చంకనిడుకొని, కూలిపని మానుకొని, ఏటేట కోర్టు గుమ్మ మెక్కుట ఎందఱికి సాధ్యము? అడుగనిదే అమ్మయైన పెట్టదందురు. ఇచ్చట అమ్మయే అడిగి అడిగి అలసిపోవుచున్నది.

మెఱుగైన సాధనము శాసనములోనే యున్నది. జరిమానా వసూలునకై కలెక్టరునకు వారంటు పంపి, భూమిశిస్తు బకాయివలె వసూలు చేయించుటకు కోర్టులకు అధికారము కలదు. శిస్తు బకాయి యనిన నేమో మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రభుత్వమువారు తమ శిస్తు విషయమున చూపు శ్రద్ధలో నాలుగవపాలు బిడ్డ మనోవర్తియందు చూపినచో ఎగవేత చాలవఱకు అణగును. జీతగాండ్ర విషయమున జీతమిచ్చు కచ్చేరియే నెలనెలా మినహాయించి బిడ్డ ఖాతాకు పంపుట ఉత్తమము. అట్లు మినహాయించినచో తండ్రికి బాకీ పేరుకొనదు, తల్లికి కోర్టు త్రోవ తప్పును. రైతుల విషయమున మఱియొక సవరణ కావలెను. రైతునకు ఆదాయము నెలనెలా రాదు, పంటకాలమున వచ్చును. నెలనెలా వేయి రూపాయలు వెదకుకొను రైతు వ్యాపారికి లోబడును. పంట చేతికి వచ్చినప్పుడు ఆఱునెలల మొత్తమును ముందుగా కోర్టునందుగాని బ్యాంకునందుగాని కట్టించుకొని, బిడ్డకు నెలనెలా చేరునట్లు ఉత్తరువు చేయుట న్యాయాధిపతులకు అసాధ్యము కాదు.

ఇతర దేశముల యనుభవము మనకు పాఠము కాగలదు. అమెరికాలో 1975లో ఈ వసూలునకై కేంద్రప్రభుత్వమువారు ప్రత్యేకమైన యేర్పాటు చేసిరి. 1984 నాటి సవరణలచే జీతమునుండి నేరుగా మినహాయించు పద్ధతి బలపడెను. ఇది మెచ్చదగినది. కాని 1986లో చేసిన మఱియొక సవరణచే, ఒకమాఱు పేరుకొన్న బాకీని వెనుకటి తేదీనుండి తగ్గించుటకు న్యాయాధిపతులకు వీలులేకుండపోయెను. పని పోయి సకాలమున దరఖాస్తు పెట్టనివారికి తీఱని బాకీలు మిగిలినవి. చెఱలో నుండుటను బుద్ధిపూర్వకముగా పని మానుటగా నెంచరాదను నిబంధన 2016లోగాని రాలేదు. జర్మనీవారి మార్గము వేఱు. అచ్చట 1980నుండి, తండ్రి చెల్లింపనిచో ప్రభుత్వమువారే బిడ్డకు కొంతసొమ్ము ముందుగా నిచ్చి, పిదప తండ్రినుండి రాబట్టుకొనుచున్నారు. పెద్దల వ్యాజ్యము ముగియువఱకు బిడ్డ ఆకలితో కాచుకొనియుండ నక్కఱలేదు. అమెరికా పద్ధతిలోని క్రమమును, జర్మనీ పద్ధతిలోని కరుణను మనము గ్రహింపవచ్చును.

అమెరికా మాట మనవారికి మఱియొక విధమునను సంబంధించినది. ఆ దేశమున తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. దంపతులలో నొకరు ఇచ్చటను, మఱియొకరు అచ్చటను నున్నచో చిక్కు పెరుగును. ఉభయదేశముల డిక్రీలను నేరుగా అమలుజరుపుటకు సివిల్ ప్రొసీజరు కోడులోని 44ఏ సెక్షను క్రింద గుర్తింపబడిన దేశములలో అమెరికా లేదు. బిడ్డల మనోవర్తినిగూర్చి 2007లో హేగు నగరమున కుదిరిన యొడంబడికలో మన దేశము చేరలేదు. అందుచే ఇచ్చటి బిడ్డకు అచ్చటి తండ్రినుండి సొమ్ము రాబట్టుట మిక్కిలి ప్రయాసమగుచున్నది. తండ్రియు నిశ్చింతగా నుండలేడు. అచ్చటి కోర్టు ఉత్తరువు క్రింద 2,500 డాలర్లకు మించి బాకీపడిన ఆ దేశపు పౌరునకు పాస్‌పోర్టే దొరకదు. కేంద్రప్రభుత్వమువా రీ యొడంబడికలో చేరుటనుగూర్చి శ్రద్ధగా యోచింపవలెను.

తండ్రుల ఫిర్యాదులలో న్యాయమైనదొకటి కలదు. "సొమ్ము పంపుచున్నాను, బిడ్డ ముఖము చూపుట లేదు" అని పలువురు వాపోవుచున్నారు. బిడ్డకు తండ్రి దర్శనము, తండ్రికి బిడ్డ దర్శనము అన్నమువలెనే అవసరము. కోర్టు నిర్ణయించిన దినమున బిడ్డను చూపకుండుట అధర్మము. కాని రెండు తప్పులు కూడి ఒక ఒప్పు కాజాలవు. చూపలేదని సొమ్ము ఆపుట బిడ్డను పస్తుపెట్టుట. సొమ్ము రాలేదని చూపకుండుట బిడ్డను అనాథను చేయుట. ఆబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగినట్లగును. హిందూ వివాహ శాసనములోని 26వ సెక్షను బిడ్డల సంరక్షణ, పోషణ, విద్య – ఈ మూటినిగూర్చియు ఉత్తరువు లిచ్చుటకును, అవసరమైనప్పుడు మార్చుటకును కోర్టునకు అధికారమిచ్చినది. సొమ్ము బిడ్డకే వ్యయమగునో కాదో యను సందేహము గల తండ్రి బడిజీతమును నేరుగా బడికే చెల్లింతునని ఆ సెక్షను క్రింద కోర్టును కోరవచ్చును. ఇట్టి దారు లుండగా చెల్లింపు మానుట క్షమింపరానిది.

గ్రామములలో పెద్దమనుష్యుల యెదుట జరుగు తెంపులనుగూర్చియు హెచ్చరింపవలసియున్నది. ఒక మొత్తము తల్లి చేతిలో పెట్టి, "ఇకమీదట బిడ్డకు గాని నాకు గాని యేమియు కోరను" అని ముద్రకాగితముపై వ్రాయించుకొని, వేలిముద్రలు వేయించుట పరిపాటియైనది. తల్లి తన హక్కునుగూర్చి యేమి వ్రాసినను, బిడ్డ హక్కును ఆమె అమ్మజాలదు. నాలుగేండ్లకు బిడ్డ పక్షమున వ్యాజ్యము వచ్చినప్పుడు ఆ కాగితము తండ్రిని కాపాడదు. ఇచ్చిన సొమ్ము దేనికై ఇచ్చినదో వ్రాయనందున అదియు తగవులో పడును. తండ్రి రెంటికిని చెడును. పెద్దలు తీర్పు చెప్పదలచినచో, తల్లికి ఇచ్చినదెంతో, బిడ్డకు నెలనెలా ఇయ్యవలసినదెంతో విడివిడిగా వ్రాయించి, దానిని కుటుంబ న్యాయస్థానమున దాఖలుచేయించి ఉత్తరువు పొందుడని చెప్పవలెను. రాజీకి తోడ్పడుటకే 1984లో కుటుంబ న్యాయస్థానముల శాసనము పుట్టినది.

కావున మేము కోరునది యిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల హైకోర్టులు, 2020 నాటి తీర్పులోని అఫిడవిట్టు లేనిదే మనోవర్తి వ్యాజ్యము ముందునకు సాగకుండ దిగువకోర్టులను కట్టడిచేయవలెను. తాత్కాలిక మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన అఱువది దినములలో సాధ్యమైనంతవఱకు తేల్చవలెనని శాసనమే చెప్పుచున్నది. అట్లే తగ్గింపు దరఖాస్తునకును ఒక గడువు నిర్ణయింపవలెను. రాష్ట్రప్రభుత్వములు తమ యుద్యోగుల విషయమున జీతపు మినహాయింపును వెంటనే జరుపవలెను. తహసీలుదారులకు చేరిన మనోవర్తి వారంటులు ఎన్ని, వసూలైనవి యెన్ని యని ఏటేట లెక్క ప్రకటింపవలెను. సొమ్ము రాని బిడ్డలకు కొంత ముందుగా నిచ్చి, పిదప బాధ్యునినుండి రాబట్టుకొను నిధి నొకదానిని ముందు ఒకటిరెండు జిల్లాలలోనైనను పరీక్షగా నేర్పాటుచేయవలెను. వీనిలో పెక్కింటికి క్రొత్త శాసన మక్కఱలేదు. ఉన్నదానిని నడపు సంకల్పము చాలును.

తండ్రిని దోషిగా నిలువబెట్టుట మా యుద్దేశము కాదు. తల్లిని వంచకిగా చిత్రించుటయు కాదు. వివాహము విఫలమగుటకు కారణము లనేకములుండవచ్చును. వానిలో బిడ్డ చేసినదేదియు లేదు. తన పొలమునకు నీరు పాఱించుటకు అర్ధరాత్రి లేచి పోవు రైతు, తన దుకాణపు పద్దులను పైసతో సహా సరిచూచుకొను వర్తకుడు, తన బిడ్డ పద్దును మాత్రము కోర్టు అమీనా వచ్చువఱకు తెఱువకుండుట తగునా? కొలత న్యాయముగా నుండునట్లు చూచు పని ప్రభుత్వమువారిదియు కోర్టులదియు. ఆ కొలతకు తప్పక పోయు పని తండ్రిది. ఎవరి పని వారు చేసిననాడు చెఱసాలయు అక్కఱలేదు, వారంటును అక్కఱలేదు.